మిడతలు తిన్న ప్రవక్త

మత్తయి 3:4లో బాప్తిస్మమిచ్చు యోహాను ఆహారమును గూర్చి చదివినప్పుడు చాలామంది ముఖము చిట్లించుదురు. మిడతలా! అవి ఏదో చెట్టు కాయలని సర్దిచెప్పువారును ఉన్నారు. ఆ అవసరము లేదు. గ్రీకు మూలములోని ‘అక్రిస్’ అను మాటకు మిడత అనియే అర్థము. లేవీయకాండము 11:22 నాలుగు రకముల మిడతలను తినుటకు అనుమతించినది. యెమెను దేశపు యూదులు 20వ శతాబ్దములో కూడ వాటిని తినుచుండిరి.

మన పల్లెలలో తొలకరికి లేచు ఉసిళ్లను వేయించుకొని తినువారు లేరా? అట్టి సహోదరుని ఇంట భోజనమునకు కూర్చుండ వెనుదీయు విశ్వాసులున్నారు. ఇది విచారకరము. పౌలు రోమా 14వ అధ్యాయములో ఇరువురినీ హెచ్చరించెను: తినువాడు మానినవానిని చులకన చేయరాదు, మానినవాడు తినువానికి న్యాయాధిపతి కారాదు. మీకు సహించనిచో వద్దండి అని మర్యాదగా చెప్పవచ్చును. వడ్డించిన తల్లి యెదుట ముక్కు మూసుకొనవద్దు.