కంప్యూటరు కావలి

శిథిలమవుతున్న ప్రాచీన గ్రంథాలను కాపాడటానికి గ్రంథాలయాలు వాటి పుటలను స్కానరు సహాయంతో చిత్రాలుగా మార్చి భద్రపరుస్తున్నాయి. ప్రతి పుట ఒక ఫైలుగా కంప్యూటరులోని ఒక ఫోల్డరులో చేరుతుంది. అందులోని అక్షరాలను గుర్తించడం, తగిన పేరు పెట్టడం, నకలు తీయడం వంటి పనులు తరువాత జరగాలి. వేలాది పుటలకు మనిషి స్వయంగా ఈ పనులు చేయడం శ్రమతో కూడినది, పొరపాట్లకూ తావిస్తుంది. అందువల్ల ఆ ఫోల్డరుకు కావలిగా ఒక ప్రోగ్రామును నియమిస్తారు. కొత్త ఫైలు రాగానే అది పని ప్రారంభిస్తుంది.

ఈ కావలి రెండు విధాలు. నిర్ణీత వ్యవధికొకసారి ఫోల్డరును పరిశీలించి, పాత జాబితాతో పోల్చి చూడటం మొదటిది. వ్యవధి తక్కువైతే కంప్యూటరుకు వృథా శ్రమ; ఎక్కువైతే పనిలో జాప్యం. ఆపరేటింగ్ సిస్టమ్ తానే కబురు అందించడం రెండవది. లినక్స్‌లో 2005వ సంవత్సరంలో 2.6.13వ కెర్నెల్‌తో వచ్చిన ‘ఐనోటిఫై’ ఇటువంటి సదుపాయమే. ఇందులో ప్రోగ్రాము పదే పదే వెదకనక్కరలేదు.

అయితే అసలు చిక్కు ఫైలు రాకను గుర్తించడంలో లేదు. ఆ రాక పూర్తయిందో లేదో తెలుసుకోవడంలో ఉంది. పెద్ద చిత్రం ఇంకా డిస్కులోకి చేరుతుండగానే దాని పేరు ఫోల్డరులో కనిపిస్తుంది. ప్రోగ్రాము తొందరపడి అప్పుడే చదివితే దానికి సగం పుటే దక్కుతుంది. పని ముగిసిందని భావించి అది మూల చిత్రాన్ని తొలగిస్తే, మిగిలిన సగం ఎవరికీ తెలియకుండానే లోపిస్తుంది. ఈలోగా గ్రంథం శిథిలమైతే ఆ నష్టం పూడ్చరానిది.

దీనికి ఉపాయం ఉంది. ఫైలును మొదట తాత్కాలిక నామంతో ఉంచి, పూర్తిగా చేరిన తరువాతనే అసలు పేరుకు మార్చాలి. తాత్కాలిక నామాలను ప్రోగ్రాము ముట్టకూడదు. రాయడం ముగిసి ఫైలు మూసిన క్షణాన్ని కూడా ఐనోటిఫై తెలుపగలదు.

మరొక ప్రమాదం ఉంది. ప్రోగ్రాము ఆగిపోయిన సమయంలో వచ్చిన ఫైళ్ల కబురు దానికి అందదు. కబుర్లు ఒక్కసారిగా వెల్లువెత్తితే కొన్ని జారిపోవచ్చు. కనుక ప్రోగ్రాము మొదలైనప్పుడూ, మధ్యమధ్యనూ ఫోల్డరునంతటినీ తిరిగి పరిశీలించాలి. ఆ విధంగా రెండు పద్ధతులూ పరస్పర పూరకాలవుతాయి. పని ముగిసిన ఫైళ్లను ఒకచోట, విఫలమైనవాటిని వేరొకచోట ఉంచాలి. ఫలితాన్ని సరిచూసుకొనేవరకు మూలాన్ని తొలగించరాదు.

యంత్రానికి అలసట లేదు. కాని వివేకమూ లేదు. ఎప్పుడు వేచి ఉండాలో, దేనిని కాపాడాలో ముందుగా ఆలోచించి దానికి నేర్పవలసినవాడు మనిషే.