గంగ వేషం కట్టిన దొరసాని

తొలి తెలుగు సినిమా ఏదని ఎవరిని అడిగినా ‘భక్త ప్రహ్లాద’ అనే చెబుతారు. మాటలొచ్చాక తొలి సినిమా అదే, 1932లో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే మద్రాసులో రఘుపతి వెంకయ్యనాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు. వెంకయ్యది బందరు. ఫొటో స్టూడియో నడుపుతూ సినిమా మోజులో పడి, మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. పని నేర్చుకు రమ్మని కొడుకుని సీమకు పంపారు. ఆ కొడుకే ఈ సినిమాకు దర్శకుడు, భీష్ముడూనూ.

మరి గంగ? పెగ్గీ కాస్టెల్లో అనే దొరసాని!

అప్పట్లో, సురభి వాళ్ల సంగతి వేరుగానీ, నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. కెమెరా ముందుకు రావడానికి మన ఆడవాళ్లు ఒప్పుకునేవారు కాదు. మూకీకి గొంతుతో పని లేదు. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెబుతుంటే, హార్మోనియం మోగుతుంటే, గంగకు తెలుగు వచ్చో రాదో ఎవరికి పట్టింది? టాకీ వచ్చాక లెక్క మారింది. పద్యం పాడగల మనిషి కావాలి. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం సురభి కమలాబాయిని వెతుక్కుంటూ వెళ్లింది.

బొంబాయిలో ఇదే దెబ్బ మూకీ తార సులోచనకు తగిలింది. అసలు పేరు రూబీ మైయర్స్, పుణెలో పుట్టిన యూదుల అమ్మాయి, టెలిఫోన్ ఆపరేటర్. 1927లో ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’ అనే సాహస చిత్రంలో ఏకంగా ఎనిమిది వేషాలు వేసింది. వాటిలో హైదరాబాదీ పెద్దమనిషి ఒకటి. టాకీలొచ్చాక హిందీ నేర్చుకుని మళ్లీ నిలబడిందిగానీ, ఆ వెలుగు ఎన్నాళ్లో నిలవలేదు. 1928లోనూ 1935లోనూ అనార్కలిగా వేసిన ఆమే, 1953 ‘అనార్కలి’లో సలీం తల్లి!

ఆ ఎనిమిది వేషాలూ, పెగ్గీ గంగా ఇప్పుడు చూద్దామన్నా దొరకవు. ఆనాటి ఫిల్ము నైట్రేట్‌ది: పత్తి నారను నత్రికామ్లంలో నానబెట్టి చేసే సరుకు. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. అంటుకోకపోయినా ఉక్కకు జిగురెక్కి, చివరికి పొడైపోతుంది. పైగా అందులో వెండి ఉంటుంది. ఆడేసిన సినిమాను దాచడంకన్నా కరిగించి వెండి తీసుకోవడమే లాభమనుకున్నవాళ్లకు కొదవ లేదు. దేశంలో తీసిన మూకీలు పదమూడు వందల దాకా ఉంటే, ఇప్పుడు మిగిలినవి ముప్పయ్యో ఏవో.

దక్షిణాదిన దాదాపు పూర్తిగా దక్కిన కథాచిత్రం ‘మార్తాండవర్మ’ ఒక్కటే, అదీ కోర్టు తగాదా పుణ్యమా అని. దానికి మూలమైన నవల హక్కులు మావేనంటూ ప్రచురణకర్తలు దావా వేసి, ప్రింటు పట్టుకుపోయారు. ఆడకుండా వాళ్ల దగ్గరే పడి ఉన్న ఆ ప్రింటును 1974లో పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్ తీసుకుంది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ మీద మాత్రం ఎవరూ దావా వేయలేదు, కథ వ్యాసుడిది కదా.