కర్నూలు–కడప కాలువ: నాటి కట్టడము, నేటి బాధ్యత

పాణ్యము, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులకు కె.సి. కాలువ అనగానే పైరులకు నీరిచ్చు కాలువగానే అది స్ఫురించును. కాని ఒకనాడు దానిని పడవలు నడచుటకు గూడ త్రవ్విరి. ఆ ప్రయోజనము నశించినను కాలువ నశింపలేదు. ఒక కట్టడము ఎట్లు పాడగునో, ఎట్లు మరల బాగుపడునో ఈ కాలువ చరిత్ర తెలియజేయుచున్నది గావున, దానిని పంచాయతీ సభ్యుల ముందుంచుట అవసరమని మేము భావించుచున్నాము.

కంపెనీ కాలువ

విక్టోరియా రాణి కాలమున, 1858 ప్రాంతమున, ఇంగ్లండు మదుపుదారుల సొమ్ముతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. రైలుకంటె జలమార్గము చౌకయని సర్ ఆర్థర్ కాటన్ దృఢముగా నమ్మి ప్రచారము చేసిన రోజులవి. కంపెనీ పెట్టు 10 లక్షల పౌండ్ల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చెను. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, 1863 మొదలు 1870 వరకు కాలువ త్రవ్విరి. సుమారు 306 కిలోమీటర్ల ఈ కాలువ కర్నూలులో హంద్రీ నదిని అక్విడక్టుపై దాటి, నంద్యాల లోయ గుండా కడప చేరును.

నేల పల్లమైన చోట్ల పడవలు దిగుటకు లాకులు నిర్మించిరి. లాకు అనగా ముందు వెనుకల తలుపులు గల తొట్టివంటి కట్టడము. పడవ లోనికి రాగానే ఎగువ తలుపు మూసి, నీటిని మెల్లగా దిగువకు వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును. దిగువ మట్టము వచ్చిన పిమ్మట రెండవ తలుపు తెరతురు. ఎగువకు పోవునపుడు ఇదే పని తలక్రిందులుగా జరుగును.

ఆశాభంగము

అంచనాలకు మించి ఖర్చయ్యెను. నల్లరేగడి భూములలో వర్షాధారముపై జొన్న, ప్రత్తి పండించు రైతులు నీటితీరువ చెల్లించుటకు ముందుకు రాలేదు. 1876–78 నాటి ధాత కరువులో మాత్రము ఆ కాలువ నీటి విలువ అందరికిని తెలియవచ్చెను. అయినను కంపెనీ నిలదొక్కుకొనలేకపోగా, 1882 లో ప్రభుత్వము సుమారు 3 కోట్ల రూపాయలిచ్చి కాలువను కొనెను. తరువాత ఈ సీమకు రైలు వచ్చెను. సరకులు రైలెక్కెను. 1933 లో పడవల రాకపోకలు నిలిచిపోయెను. కాలువ సేద్యమునకే పరిమితమయ్యెను.

పునరుద్ధరణ

వాడుక పోయిన కట్టడమును జనులే కాపాడుకొనిన ఉదాహరణము ఇతర దేశములలో గూడ కలదు. ఇంగ్లండులోని క్లీవ్‌డన్ అను ఊర 1869 లో సముద్రములోనికి ఇనుప కాళ్లపై ఒక రేవువంతెన కట్టిరి. 1970 లో బరువు పరీక్ష జరుగుచుండగా అందు కొంత భాగము కూలెను. మిగిలినది పడగొట్టుదమన్న ఆలోచన రాగా ఊరివారు అడ్డుపడి, విరాళములను, ప్రభుత్వ సహాయమును కూడగట్టి, 1989 లో దానిని మరల తెరిపించిరి.

మన కాలువకు మరియొక ఆధారము కలదు. వాడుక మారినదే గాని పోలేదు. సుమారు 2 లక్షల 65 వేల ఎకరముల ఆయకట్టు దీనిపై నున్నది. బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించెను. పాత ఆనకట్ట స్థానమున బారేజి వెలసెను. 1996 లో జపాను ఋణసహాయముతో కాలువ ఆధునికీకరణకు ఏర్పాటు జరిగెను. 2009 అక్టోబరు వరదలో సుంకేసుల బారేజి దెబ్బతినగా దానిని మరమ్మతు చేయవలసివచ్చెను.

మనము చేయవలసినది

పెద్ద కాలువకు కోట్లు వెచ్చించినను, పిల్లకాలువ పూడియున్నచో నీరు చివరి మడికి చేరదు. ఎగువ రైతు తూమును పగులగొట్టినచో దిగువ రైతు పైరు ఎండును. గట్టు మట్టిని ఇంటి పునాదికి త్రవ్వుకొనిపోయిన చోటనే వానకాలమున గండి పడును. ఇవి ఏ ఇంజనీరును ఒంటరిగా ఆపలేడు.

1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచి, కాలువల నిర్వహణలో రైతులకు భాగమిచ్చెను. పంచాయతీ సభ్యులు ఆ సంఘముతో చేయి కలిపి, నీరు వదలకమునుపే పిల్లకాలువల వెంబడి ఒకసారి నడచి చూడవలెను. పూడిక, ముండ్లతుప్పలు, గట్టు ఆక్రమణలు ఎచ్చట నున్నవో వ్రాసికొని గ్రామసభలో చదివి వినిపింపవలెను. చివరి భూముల రైతులను ఆ సభకు తప్పక పిలువవలెను. నీరు అందుచున్నదో లేదో మొదట తెలియునది వారికే.

లండను కంపెనీ డబ్బు పెట్టినది గాని ఈ నేలను, ఈ రైతును ఎరుగకపోయెను. ఆ రెండింటిని ఎరిగినవారు గ్రామములోనే యున్నారు. కాలువ ఇకమీద నిలుచుట వారి శ్రద్ధపైననే ఆధారపడి యున్నది.