జీడిపండు రసం: తేట తీయడం, వెలితి నింపడం

పలాసలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. పిక్క కంటే పండు 8 నుంచి 10 రెట్లు బరువు. అంటే ఒక్క బస్తా పిక్కలకు కనీసం 640 కిలోల పండ్లు. నూటికి 60 పాళ్లు రసం దిగినా సుమారు 370 లీటర్లు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం జీడితోటల్లో ఇందులో చాలావరకు చెట్ల కిందే కుళ్లిపోతుంది. రాలిన పండు ఒక రోజుకు మించి నిలవదు. ఇదే రసంతో గోవాలో కాచే ఫెనీ అనే మద్యానికి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ముందు వగరు పోవాలి. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని గంజిలా ఉడికించి కలిపి, 12 గంటలు కదపకుండా ఉంచితే వగరు అడుగుకు దిగుతుంది. పైతేట వంచుకోవాలి.

ఈ తేటను పులియబెట్టి వైన్ చేస్తే తేట మళ్లీ తీయాలి. లీటరులో 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాలు. జీడిరసంలో చక్కెర సుమారు 110 గ్రాములు కాబట్టి 6.5 శాతం దగ్గర ఆగుతుంది. పులియడం ఆగాక అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి మీదే నెలల తరబడి ఉంచితే కుళ్లు వాసన పడుతుంది. అందుకే తేటను గొట్టంతో కొత్త డబ్బాలోకి దించాలి. గొట్టం మొన మడ్డికి రెండు వేళ్ల పైన ఉండాలి. రెండో కొస ఆ డబ్బా అడుగును తాకాలి. అప్పుడే చిమ్మకుండా దిగుతుంది.

20 లీటర్ల డబ్బాలో మడ్డి 2 లీటర్లు పోతే, కొత్త డబ్బాలో అంత వెలితి. అందులోని గాలిలో ఆక్సిజన్ అర గ్రాము పైచిలుకు. అదంతా ఖర్చయినా పుట్టే వెనిగర్ ఆమ్లం 1 గ్రాము, లీటరుకు 0.06 గ్రాములే. నాలుకకు తెలిసేది లీటరుకు 0.7 గ్రాముల దగ్గర. ఒక్కసారి చేరిన గాలితో వైన్ చెడదు. మూత వదులై పన్నెండుసార్లు గాలి మారితే చెడుతుంది. అందుకే వెలితిని అదే వైన్‌తో నింపాలి, లేదా చిన్న డబ్బాలోకి మార్చాలి. 2 లీటర్ల నీళ్లు పోస్తే ఆల్కహాలు 5.85 శాతానికి పడిపోయి ఇంకా త్వరగా చెడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం నేరం. వైన్ లెక్క లైసెన్సున్న యూనిట్లకే. సగ్గుబియ్యంతో తేర్చిన రసం, సిరప్ మాత్రం ఏ రైతు కుటుంబమైనా చేసుకోవచ్చు. పండు రాలిన రోజే, తోట పక్కనే రసం తీసే ఏర్పాటు ఉంటే పిక్క ధరతోపాటు పండు ధర కూడా రైతుకు దక్కుతుంది. ఉద్దానానికి ముందుగా కావలసింది ఇదే.