గెలుపు శాతం ఎవరిది: పిచర్‌దా, జట్టుదా?



శాతాల లెక్క అనగానే పైసంఖ్యను కిందిసంఖ్యతో భాగించి వందతో గుణించమని పిల్లలకు చెబుతాం. కిందిసంఖ్యలో, అంటే హారంలో, ఏం చేరింది, ఏం చేరలేదు అని మాత్రం అడగం. అమెరికా బేస్‌బాల్‌లో 2018 సీజన్ ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ.

క్రికెట్ తెలిసినవారికి ఈ ఆట సగం తెలిసినట్టే. మన బౌలర్ లాంటివాడు అక్కడి పిచర్. వింత ఏమిటంటే, మ్యాచ్ గెలిస్తే ఆ గెలుపును ఒక పిచర్ పేరున రాస్తారు. ఓడితే ఓటమినీ ఒక పిచర్ ఖాతాలోనే వేస్తారు. మొదట బంతి అందుకున్న పిచర్‌కు గెలుపు దక్కాలంటే కనీసం 5 ఇన్నింగ్స్ వేయాలి. అతను తప్పుకునే సమయానికి జట్టు ముందంజలో ఉండాలి, ఆ తర్వాత కూడా ఆ ఆధిక్యం పోకూడదు. మొదటి షరతు అతని చేతిలో ఉంది. మిగతా రెండూ చాలావరకు ఇతరుల చేతిలో ఉన్నాయి.

ఆ ఏడాది న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ 10 గెలిచాడు, 9 ఓడాడు. 10ని 19తో భాగిస్తే .526. అదే ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్ రిక్ పోర్సెల్లో 17 గెలిచి 7 ఓడాడు. 17ని 24తో భాగిస్తే .708. ఈ రెండు అంకెలే చూపించి ఎవరు మేలని అడిగితే మనమంతా పోర్సెల్లో అనే అంటాం. ప్రోగ్రెస్ కార్డులో 52, 70 చూసినప్పుడు అనేదీ అదే కదా!

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. పిచర్ ప్రతి 9 ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో కూడా లెక్కిస్తారు. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చిన పరుగులను ఇందులో కలపరు. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. పోర్సెల్లోది 4.28. డిగ్రామ్‌ది 1.70, ఆ సీజన్‌లో రెండు లీగుల్లోనూ అదే అత్యుత్తమం. వరుసగా 29 మ్యాచ్‌ల్లో అతను మూడు పరుగులకు మించి ఇవ్వలేదు.

మరి గెలుపులు ఎందుకు రాలేదు? అతను బంతి ఆపినా తోటివాళ్లు పరుగులు తేవాలి కదా. మెట్స్ ఆ ఏడాది 77 గెలిచి 85 ఓడింది. రెడ్ సాక్స్ అందరికంటే ఎక్కువ పరుగులు చేసి 108 మ్యాచ్‌లు గెలిచింది.

హారం సంగతికి వద్దాం. డిగ్రామ్ మొదలుపెట్టిన మ్యాచ్‌లు 32. అతని లెక్కలోకి వచ్చినవి 19. మిగతా 13 గెలుపు కాదు, ఓటమి కాదు; అతను ఎంత బాగా వేసినా శాతంలో వాటికి చోటే లేదు.

1990లో ఇదే చిక్కు వచ్చింది. ఓక్లాండ్ పిచర్ బాబ్ వెల్చ్‌ది 27–6, అంటే .818. బోస్టన్ పిచర్ రోజర్ క్లెమెన్స్‌ది 21–6, అంటే .778. ఇచ్చిన పరుగుల సగటు వెల్చ్‌ది 2.95, క్లెమెన్స్‌ది 1.93. అయినా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వెల్చ్‌కే దక్కింది. గెలుపుల మోజు అంత గట్టిది మరి! 2018లో ఓటు వేసే విలేకరులు మరోలా చూశారు. నేషనల్ లీగ్ అవార్డుకు 30 మందిలో 29 మంది డిగ్రామ్‌కే మొదటి స్థానం ఇచ్చారు. మిగిలిన ఒక్క ఓటు వాషింగ్టన్ పిచర్ మాక్స్ షెర్జర్‌కు వెళ్లింది.

షెర్జర్‌ది ఆ ఏడాది 18 గెలుపులు, 7 ఓటములు. శాతం ఎంతో మీ పిల్లల చేత కట్టించండి. జవాబు .720. వాళ్లు 72 అన్నా తప్పు లేదు. బేస్‌బాల్ వాళ్లు శాతం అంటూనే వందతో గుణించకుండా మూడు దశాంశ స్థానాలతో వదిలేస్తారు.