మోకాలిలో బరువు దారి మళ్లే చోటు

తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి ఉబ్బులుగా ముగుస్తుంది. వాటిని మోసేది మోకాలి కిందున్న పెద్ద ఎముక టిబియా. దాని నెత్తి దాదాపు చదును. బయటివైపైతే కాస్త ఉబ్బెత్తు కూడా. గుండ్రటిది చదునుదాని మీద ఆనితే తగిలే చోటు చాలా చిన్నది. నడిచేటప్పుడు మోకాలి మీద పడే బలమేమో ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు. అదంతా ఆ కాస్త చోటే మోస్తే ఎముకల కొసల మీది నున్నటి మృదులాస్థి త్వరగా అరిగిపోతుంది. ఆ గుండ్రటిదానికీ చదునుదానికీ మధ్య మిగిలే సందును పూరించేవే మెనిస్కస్‌లు. ఒక్కో మోకాలిలో రెండు, లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, అర్ధచంద్రాకారంలో ఉంటాయి. బయటి అంచు మందం, లోపలి అంచు పల్చన.

ఇవి మెత్తల్లా అణిగి దెబ్బను మింగేస్తాయని అనుకుంటాం. అసలు విశేషం అది కాదు. పైనుంచి బరువు పడగానే, అంచు వాలుగా ఉంది కనుక, మెనిస్కస్ బయటికి జారిపోవాలి. కానీ దాని ముందు కొసా వెనక కొసా టిబియాకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. పైగా దానిలోని కొల్లాజెన్ పోగుల్లో ఎక్కువభాగం అంచు వెంబడి, ఒక కొస నుంచి రెండో కొస దాకా సాగుతాయి. జారబోతే ఆ పోగులు బిగుస్తాయి. ఎడ్లబండి చక్రం చెక్కలు బరువుకు విడిపోకుండా చుట్టూ ఉన్న ఇనుప పట్టా చేసే పని ఇదే. కిందికి నొక్కే బలం ఇక్కడ చుట్టూ లాగే బిగువుగా మారిపోతుంది. ఆ పోగులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోకుండా కొన్ని అడ్డపోగులు కట్టి ఉంచుతాయి. కాలు చాపి ఉన్నప్పుడు మోకాలి బరువులో దాదాపు సగం, తొంభై డిగ్రీలు మడిచినప్పుడు 85 శాతం దాకా మెనిస్కస్‌ల గుండానే పోతుంది.

అందుకే చిరుగు పొడవు కన్నా దాని దిశ ముఖ్యం. పోగుల వెంబడి చిరిగితే పట్టా చీలినా తెగలేదు. అడ్డంగా బయటి అంచు దాకా చిరిగితే తెగినట్టే. వెనక కొస ఎముక నుంచి ఊడిపోతే, మెనిస్కస్ ముక్క కూడా పోకపోయినా, ఒత్తిడి అది అసలే లేని మోకాలిలో ఉన్నంత పెరుగుతుందని ప్రయోగశాల కొలతలు చూపాయి.

ఇంత పని చేసే భాగాన్ని 19వ శతాబ్ది చివర్లో లండన్ సర్జన్ జాన్ బ్లాండ్-సటన్ ఎందుకూ కొరగాని కండర శేషమని తేల్చేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చిరిగిన మెనిస్కస్‌ను మొత్తంగా తీసి పారేయడమే వైద్యం. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ అలా తీయించుకున్నవాళ్ల ఎక్స్‌రేలు చూసి, ఎముకల మధ్య సందు తగ్గడం, గుండ్రటి ఉబ్బు చదునవడం, అంచున గట్టు లేవడం గమనించాడు. విచిత్రమేమిటంటే, ఎడిన్‌బరోలో థామస్ అనన్‌డేల్ 1883లోనే మెనిస్కస్‌ను కుట్టి బాగుచేశాడు. ఆ దారి పట్టినవాళ్లే తక్కువ.

కుట్టినదల్లా అతకదు. పెద్దవాళ్లలో రక్తనాళాలు బయటి అంచున 10 నుంచి 30 శాతం మేరకే ఉంటాయని 1982లో ఆర్నోజ్కీ, వారెన్ అనే పరిశోధకులు చూపించారు. లోపలి అంచుకు పోషణ కీలులోని ద్రవం నుంచే. అక్కడి చిరుగు తనంతట తాను మానడం అరుదు. ఇక లోపలివైపు మెనిస్కస్ పక్క లిగమెంట్‌కు అతుక్కుని ఉంటుంది కనుక మోకాలు మడిచినప్పుడు బయటిదానంత కదలలేదు. తప్పించుకునే వీలు లేనిదే ఎక్కువగా చిరుగుతుంది.

మరి స్కానింగ్ రిపోర్టులో ‘టేర్’ అని కనిపించగానే ఆపరేషన్‌కు పరుగెత్తాలా? యాభై దాటినవాళ్ల మీద అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో చేసిన పరిశీలనలో, మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి ఆ ముందు నెల రోజుల్లో నొప్పిగానీ బిగువుగానీ లేదు. 2013లో ఫలితాలు వెలువరించిన ఒక ప్రయోగంలో ఫిన్లాండ్ వైద్యులు ఇంకా ధైర్యం చేశారు. వయసుతో వచ్చే చిరుగున్న 146 మందిలో కొందరికి చిరిగిన ముక్క తీశారు, మిగిలినవాళ్లకు తీసినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు గుంపుల బాధలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే దెబ్బ తగిలి చిరిగినవాళ్లను అందులో చేర్చుకోలేదు. కబడ్డీ కోర్టులో కాలు మెలిపడి మోకాలు పట్టేసిన కుర్రాడికి ఈ ఫలితం చూపించి ఇంటికి పంపకూడదు.