యాభై వేల బడ్జెట్... హీరో కాల్షీటు దొరకలేదు!

కాకినాడ సినిమా రోడ్డులో మ్యాట్నీ వదిలే వేళ. ఎవర్ని కదిపినా హీరో కబుర్లే! ఫైటు బాగుందని ఒకరు, ఇంటర్వెల్ తర్వాత చప్పబడిందని ఇంకొకరు. ఆ గోలలోంచి మా మేనల్లుడు నన్ను పక్కకి లాగి, "మావయ్యా! యాభై వేలల్లో గేమింగ్ కంప్యూటర్ వస్తుందా?" అన్నాడు.

కుర్రాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడి సరదాకి నేనేం అడ్డు చెప్పను. కానీ ఆ యాభై వేలు వాళ్లమ్మ రెండేళ్లపాటు కట్టిన చీటీ డబ్బులు. మా అక్క ఒకే ఒక్క మాట అంది. "ఒరే తమ్ముడూ, ఈ డబ్బు మళ్లీ రాదు. ఆడుకుంటాడో, చదువుకుంటాడో వాడిష్టం. వస్తువు మాత్రం నాలుగేళ్లు నిలబడాలి."

ఆ మాట నాకెందుకు గుచ్చుకుందో చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేనూ ఒక కంప్యూటర్ కట్టించుకున్నాను. అన్నీ మంచివే కొని, చివర్లో డబ్బు చాలక ఎస్సెమ్‌పీయెస్ మాత్రం ఊరూ పేరూ లేనిది పెట్టించాను. ఒక వానాకాలం సాయంత్రం పోయిన కరెంటు తిరిగొచ్చింది... ఢామ్మంది! మదర్ బోర్డు పోయింది, హార్డ్ డిస్కూ పోయింది. అందులో దాచిన మా నాన్నగారి ఫోటోలూ పోయాయి. వస్తువులు మళ్లీ కొన్నాను. ఫోటోలు ఎక్కడ కొంటాను?

అందుకే ఈసారి నిర్మాతలా కూర్చున్నాను, కాగితం కలం పట్టుకుని!

ముందు కథ, తర్వాతే తారాగణం

మన ఊరి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ సంగతి పెద్దవాళ్లని అడగండి. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, రేలంగి... వెండితెర కెక్కక ముందు ఆ క్లబ్బు నాటకాల్లో వేషాలు కట్టినవాళ్లే! పాత్రకి తగ్గ మనిషి దొరికితే చిన్న స్టేజీ మీద కూడా నాటకం రక్తి కడుతుంది. కంప్యూటరూ అంతే. ఏం ఆడతారో తేల్చుకోకుండా ఏం కొనాలని అడిగితే, కథ లేకుండా హీరోని బుక్ చేసినట్టే.

మావాడి జాబితా చిన్నదే. 2020లో వచ్చిన వాలరెంట్, 2015లో కంప్యూటర్ మీదికొచ్చిన జీటీఏ ఫైవ్, కాలేజీ షార్ట్ ఫిల్ములో గ్రాఫిక్స్ చెయ్యడానికి ఉచితంగా దొరికే బ్లెండర్. ఇవేవీ కొండలు పిండి చేసే పనులు కావు.

హీరో: గ్రాఫిక్స్ కార్డు

ఆటల కంప్యూటర్లో హీరో గ్రాఫిక్స్ కార్డే. మావాడి మనసు 2021లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6600 మీద వుంది. 8 జీబీ సొంత మెమరీ, 132 వాట్ల కరెంటు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకి చక్కగా సరిపోతుంది. మంచి ఎంపికే! కానీ ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతున్నాయి. తయారీదార్లు కూడా లాభం ఎక్కువున్న అటువైపే మొగ్గారు. మనలాంటివాళ్లకి మిగిలింది తక్కువ సరుకు, ఎక్కువ ధర! లెక్క వేసి చూస్తే హీరోకి అడ్వాన్సు ఇవ్వడానికి డబ్బు మిగల్లేదు.

మావాడి మొహం వాడిపోయింది. "ఒరేయ్, హీరో కాల్షీటు దొరక్కపోతే సినిమా ఆగుతుందా? డబుల్ రోల్ చేసేవాణ్ణి పట్టుకుందాం," అన్నాను.

డబుల్ రోల్: రైజెన్ 5 5600జీ

ఈ ప్రాసెసర్ 2021లో మార్కెట్లోకి వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. చల్లబరిచే ఫ్యాన్ డబ్బాలోనే వస్తుంది. అసలు విశేషం, గ్రాఫిక్స్ కూడా దీని కడుపులోనే వుంటుంది! వాలరెంట్ హాయిగా ఆడొచ్చు. జీటీఏ ఫైవ్ కూడా సెట్టింగులు కాస్త తగ్గిస్తే ఆడుతుంది. ఈ ఏడాది వచ్చిన భారీ ఆటలకి మాత్రం ఇది చాలదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చేతిలో డబ్బు పడ్డాక కార్డు తగిలించుకోవచ్చు.

ఒక హెచ్చరిక! ఐ3-12100ఎఫ్ లాంటి పేర్ల చివర 'ఎఫ్' వుంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం. కార్డు లేకుండా అది కొంటే తెర మీద బొమ్మే రాదు.

సహాయ నటులు

ర్యామ్: 16 జీబీ ఒకే ముక్కగా కొనకండి, 8 జీబీవి రెండు కొనండి. డబుల్ రోల్ ప్రాసెసర్ బొమ్మలు గీయడానికి కూడా ఈ ర్యామునే వాడుకుంటుంది. రెండు ముక్కలుంటే రెండు దారులు తెరుచుకుంటాయి, ఆటలో తేడా కళ్లకి కనబడుతుంది. 5600జీకి డీడీఆర్4 కావాలి. డీడీఆర్5 ఆ గాడిలో దూరదు.

మదర్ బోర్డు: బీ450 గాని, బీ550 గాని. పాత స్టాకు అయితే 'బయోస్ అప్‌డేట్ చేశారా?' అని అడగండి.

ఎస్సెస్‌డీ: కనీసం 512 జీబీ. జీటీఏ ఫైవ్ ఒక్కటే వంద జీబీ దాకా తినేస్తుంది!

క్యాబినెట్: ఇది ఐటెం సాంగు లాంటిది. రంగు దీపాలు, గాజు తలుపులు ఆటని ఒక్క పిసరు కూడా వేగంగా నడిపించవు. ముందువైపు జల్లెడలా గాలి ఆడేది చాలు. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. నెలకోసారి దుమ్ము దులపాలి.

విండోస్: 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. కాబట్టి 11 వెయ్యాలి. ఆ ఖర్చు మర్చిపోకండి.

విలన్ని గుర్తుపట్టండి!

విలన్ ఎవరో మీకీపాటికి తెలిసేవుంటుంది. చవక ఎస్సెమ్‌పీయెస్! పేరున్న కంపెనీది, '80 ప్లస్' ముద్ర వున్నది, 550 వాట్లది తీసుకున్నాం. ఇవాళ అంత అక్కర్లేదు. రేపు కార్డు వచ్చినా మళ్లీ మార్చే పని వుండదు. గోడ ప్లగ్గుకి ఎర్తింగ్ వుందో లేదో కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. తుపాన్ల ఊరు మనది, కరెంటు ఎప్పుడు పోయేదీ ఎప్పుడు వచ్చేదీ ఎవరికెరుక!

క్లైమాక్స్

ఒక షాపుకి వెళ్లాం. ఏడు రంగుల్లో మెరిసిపోతూ రెడీమేడ్ సెట్టు! "4 జీబీ గ్రాఫిక్స్ కార్డండీ, బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తాం, ఆయ్!" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మావాడు ఆ దీపాల వంక అలా చూస్తూ వుండిపోయాడు.

నేను నాలుగే ప్రశ్నలు వేశాను. కార్డు మోడల్ పేరేమిటి? ఎస్సెమ్‌పీయెస్ ఎవరిది? ర్యామ్ ఒకటా, రెండా? ఏ పార్టుకి ఎన్నేళ్ల వారంటీ? ఒక్కదానికీ సరైన జవాబు లేదు. దణ్ణం పెట్టి బయటపడ్డాం. పాత చిప్పుకి కొత్త పేరు తగిలించి అమ్మే కార్డులు మార్కెట్లో వున్నాయి. సెకండ్ హ్యాండు కొనేవాళ్లు 'జీపీయూ-జెడ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అక్కడికక్కడే పరీక్షించుకోవాలి.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్దామా అనుకున్నాం. రానూపోనూ ఖర్చు, పార్టు పాడైతే మళ్లీ ప్రయాణం... లెక్క కుదరలేదు. చివరికి ఊళ్లోనే మరో షాపులో 18 శాతం జీఎస్టీతో బిల్లు రాయించి, సీరియల్ నంబర్లు వేయించుకుని తెచ్చాం. మానిటర్‌తో సహా యాభై వేల లోపే!

ఆదివారం చాప పరిచి మేమే బిగించాం. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే వుంది. మా అక్క గుమ్మంలో నిలబడి మాట్లాడలేదు. నా గుండెల్లో మళ్లీ ఆ ఢామ్మన్న చప్పుడు! స్విచ్ తీసి, ప్లగ్గు పీకి చూస్తే ర్యామ్ ముక్క ఒకటి సరిగ్గా కూర్చోలేదు. టక్కుమనేదాకా నొక్కి మళ్లీ వేశాం. బొమ్మ పడింది!

"దీపాల్లేవేంట్రా?" అంది అక్క.

"అవి వచ్చే ఏడాది హీరోతో పాటు వస్తాయమ్మా," అన్నాడు వాడు. మిగిలిన చిల్లర ఒక డబ్బాలో వేసి, మూత మీద 'కాల్షీటు' అని రాసుకున్నాడు.

మరి మీ సినిమాకి తారాగణం ఎంపికైందా?